మొదటి రేకు

తుపాకీకి కాళ్ళుంటాయన్న సంగతి వకుళకు పెళ్ళయిన చాలా ఏళ్ళ వరకూ తెలియదు. గొట్టం కింద ముందువైపు రెండు కాళ్ళు. మడిస్తే మడుచుకుంటాయి, లాగితే సాగుతాయి. వాటిని బైపాడ్ అంటారట. ఆమె భర్త కామేశం ఫిజిక్సులో గోల్డ్ మెడలిస్టు. ఆ కాళ్ళు బండరాయి మీద జారకుండా వాటికెలాంటి రబ్బరు చెప్పులు తొడగాలన్న విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, చెప్పులు తయారయ్యేసరికి జుట్టంతా పోగొట్టుకున్నాడు.

అతను పనిచేసే కంపెనీ హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డుకు అవతల, రాళ్ళగుట్టల మధ్య ఉంది. వాళ్ళు తుపాకులు చెయ్యరు. తుపాకులకు నగలు చేస్తారు. కుటుంబాలను పిలిచి భోజనాలు పెట్టిన ఒకరోజున వకుళ వాళ్ళ షోరూము చూసింది. ఏ పెళ్ళికూతురికీ అంత సరంజామా ఉండదు. గురి చూసే దుర్భిణి, దుర్భిణిని పట్టి ఉంచే ఉంగరాలు, ఉంగరాలకు మరలు, ఆ మరలను ఇంతే బిగించాలని కొలిచి చెప్పే స్పానరు, చెంపకు దిండు, భుజానికి మెత్త, వెనకభాగం కింద ఇసుకసంచి, ఒరిగిందో లేదో చెప్పే నీటిబుడగ. ఇంత సింగారించుకున్న ఆ పెళ్ళికూతురి కాపురం కనురెప్పపాటు. ఆ తరవాత అవతల ఒకడు ఉండడు.

"ఎలా ఉందే?" అన్నాడు కామేశం, తన చెప్పులు తొడుక్కున్న కాళ్ళను చూపిస్తూ.

"ముచ్చటగా ఉందండీ. పారాణి కూడా పెట్టాల్సింది," అంది వకుళ.

ఇన్ని తొడిగాక కూడా కంపెనీవాళ్ళకు ఒక చింత మిగిలిపోయింది. తుపాకీ వెనకాల పడుకునేది మళ్ళీ మనిషే. వాడికి గుండె కొట్టుకుంటుంది. ఊపిరి ఆడుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి కదిలితే, ఆ చివరకు వెళ్ళేసరికి అది నిలువెత్తు తేడా అవుతుంది. మనిషి బతికుండటం అన్నది వాళ్ళకు తీర్చవలసిన సాంకేతిక లోపంగా కనిపించింది.

ఆ లోపానికి మందు కామేశమే కనిపెట్టాడు. అయితే అతను కనిపెట్టింది తుపాకీ కోసం కాదు, చెంచా కోసం. వణుకుడు జబ్బున్నవాళ్ళు పక్కవాళ్ళ చేతికోసం చూడకుండా తమంతట తాము అన్నం తినడానికి ఒక చెంచా. పట్టుకున్న చెయ్యి ఎంత ఊగినా, పిడిలోని చిన్న మోటార్లు ఆ ఊపుకు ఎదురు ఊపు ఇచ్చి చెంచాను నిలబెడతాయి. దానికి 'స్తిమితం' అని పేరు కూడా పెట్టుకున్నాడు. అది చూసి కంపెనీ యజమాని విక్రాంత్ చాలాసేపు మెచ్చుకుని, "కామేశం గారూ, చెంచా తీసేసి దీని మీద రైఫిల్ పెడితే?" అన్నాడు. మర్నాటికి చెంచా సొరుగులోకి పోయింది. రైఫిలుకూ దాని కాళ్ళకూ మధ్య స్తిమితం వచ్చి కూర్చుంది.

ఆ ఎదురు ఊపు ఎలా ఇవ్వాలో యంత్రానికి ఎవరో ఒకరు నేర్పాలి. పుట్టిన ప్రతి చెయ్యీ వణుకుతుంది. కానీ ఒకే పని ఏళ్ళ తరబడి చేసిన చేతిలో నరాలు ఆ వణుకును కనిపెట్టి, అది బయటపడేలోపే అణిచేస్తాయి. ఆ విద్య ఉన్న చెయ్యి కోసం వెతికారు. పేరుమోసిన సర్జన్లను కూర్చోబెట్టారు. నగిషీ పనివాళ్ళను పిలిచారు. పతకాలు గెలిచిన షూటర్లను రప్పించారు. చేతి కదలికను కంప్యూటరు గీతగా గీసి చూపిస్తే, ఎవరి గీత చూసినా ఏదో ఒక మూల ముడతలే.

ఆ ఉగాదికి వకుళ ఇంట్లో పూతరేకులు తీస్తోంది. ఆమెది ఆత్రేయపురం. బీఎస్సీ చదివినా, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ఈ పని మాత్రం మానలేదు. మంటమీద బోర్లించిన కుండ. పక్కన నీళ్ళలాంటి బియ్యప్పిండి. పలచటి గుడ్డముక్కను అందులో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగితే, అవతలి వేళ్ళు కనిపించేటంత పలచటి రేకు వస్తుంది. కామేశం కాఫీకని వంటింట్లోకి వచ్చి, నవ్వులాటకు కొలత పట్టీ ఒకటి ఆమె మణికట్టుకు చుట్టాడు. లాప్‌టాప్ వంక చూసి నోరు తెరిచాడు.

"ఇదేంటే, పోయినవాళ్ళ గీతలా ఉంది!"

"బతికుండగానే అలా ఉండబట్టే మీతో కాపురం చేస్తున్నాను. పక్కకు జరగండి, వేడి."

అలా ఆమె కుండ లాబొరేటరీకి వెళ్ళింది. అద్దాల గది మధ్యలో గ్యాసుపొయ్యి, పొయ్యి మీద కుండ, కుండ ముందు పీట, పీట మీద వకుళ. చుట్టూ డాక్టరేట్లున్నవాళ్ళు, ఆమె ఒప్పుకోదు కాబట్టి చెప్పులు విప్పి. మోచేతి నుంచి వేళ్ళ దాకా బిగుతుగా ఒక తొడుగు వేశారు. అది ఆమె నరాలు చెప్పేది వింటుంది. చెంచా కోసం అని కామేశం చెప్పాడు. అప్పటికి సగమైనా నిజమే కదా అని అతను మనసుకు నచ్చజెప్పుకున్నాడు. ఆమె రేకులు తీస్తూ పోయింది. వాళ్ళు వాటిని నెయ్యీ పంచదారా వేసుకుని తింటూ సైన్సు చేశారు.

వర్షాలు మొదలయ్యేసరికి ఒక పొద్దున ఆమె పెట్టుకున్న బొట్టు కనుబొమ్మ మీదికి పోయింది. తరవాత కాఫీ గ్లాసు. ఆ తరవాత సూది. కుండ ముందు కూర్చుంటే గుడ్డ కుండకు తగిలీ తగలకముందే చెయ్యి దారి తప్పుతోంది. రేకుకు బదులు చిల్లుల తెర వస్తోంది. దీపం కుందిలో నూనె పోయబోతే గట్టంతా నూనె.

కామేశం రికార్డులన్నీ తిరగేసి చూశాక సంగతి తెలిసింది. తొడుగు ఊరికే వినదు. వినాలంటే నరంతో మాట్లాడాలి. నరం వణుకును అణచబోయిన ప్రతిసారీ తొడుగు కూడా ఒక చెయ్యి వేసింది. వంటమనిషి కుదిరిన ఇల్లాలు పోపు పెట్టడం మరిచిపోయినట్టు, ఆమె నరాలు ఆ పని మరొకరు చూసుకుంటున్నారనుకుని మానేశాయి.

"మందు ఉందే," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "నీ చేతి పాఠమే యంత్రంలో భద్రంగా ఉంది. అదే తొడుగుతో దాన్ని వెనక్కి నీ చేతికి వినిపిస్తే, నెమ్మదిగా మళ్ళీ నేర్చుకుంటుంది. కొన్ని నెలలు పడుతుంది, అంతే."

"అయితే వినిపించండి."

"యంత్రం ఒక్కటే ఉంది. అది విక్రాంత్ గారి చేతిలో... చెంచాకు కాదే, రైఫిలుకు బిగించారు."

విక్రాంత్ చాలా మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు, జీడిపప్పు తెప్పించాడు. "మేడమ్, మీరు మా కంపెనీకి అమ్మలాంటివారు. బయటి దేశం నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు. డెమో ఒక్కటి గట్టెక్కనివ్వండి, యంత్రాన్ని నేనే మీ ఇంటికి తెచ్చి పెడతాను," అన్నాడు. అమ్మలాంటివారి చెయ్యి జీడిపప్పు అందుకోలేక పళ్ళెంలో టకటకలాడుతుంటే ఫోను చూసుకున్నాడు.

డెమోకు ముందు రిహార్సల్ పెట్టారు. గుట్టల మధ్య షామియానా, సోఫాలు, కొబ్బరిబోండాలు. చెయ్యి దానం చేసిన మనిషిని డెమోకు వచ్చే అతిథులకు చూపించాలని విక్రాంత్ సరదా పడటంతో రిహార్సలుకూ వకుళను పిలిచారు. తుపాకీ వెనక పడుకున్నది సుబేదారు మల్లేశం. సైన్యంలో ఏళ్ళ తరబడి అదే పని చేసి రిటైరైన మనిషి. మెదక్ వైపు ఊరు, నెరిసిన మీసం. తుపాకీ ఒంటి మీది నగలను చూసి అతనూ పెదవి విరవడం వకుళ గమనించింది. ఆ ఒక్క కారణానికే అతను ఆమెకు నచ్చాడు.

స్తిమితం మీట నొక్కారు. పేలింది. గుండు లక్ష్యం నెత్తి మీదుగా పోయి గుట్టకు తగిలి దుమ్ము లేపింది. రెండోది నడిమధ్యన. మూడోది రెండోది చేసిన చిల్లులోంచే. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపు ఆగి మళ్ళీ మొదలెట్టారు. మొదటిది మళ్ళీ గుట్టకు, తక్కినవన్నీ నడిమధ్యకు. మళ్ళీ ఆగి మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే.

ఇంజనీర్లందరూ ఆ పెళ్ళికూతురి మీద పడ్డారు. ఉంగరాలు మార్చారు. మరలు విప్పి మళ్ళీ కొలిచి బిగించారు. చెంపదిండు ఎత్తు తగ్గించారు. కాళ్ళకు చెప్పులు మార్చి గోళ్ళు తొడిగారు. జర్మనీ నుంచి తెప్పించిన పట్టా కింద పరిచారు. చివరికి గొట్టం చల్లగా ఉండటం వల్ల మొదటి గుండు తప్పుతోందని తీర్మానించి, గొట్టానికి ఒక స్వెట్టరు తొడిగారు. వకుళ కొబ్బరిబోండాం తాగుతూ, ఇంత చదువుకున్నవాళ్ళు ఇంత శ్రద్ధగా తెలివితక్కువ పని చెయ్యగలగడం కూడా ఒక విద్యే అనుకుంది.

ఎందుకంటే ఆమె తుపాకీని చూడటం లేదు, దాని కదలికను చూస్తోంది. మొదటిసారి పేలబోయే ముందు దాని మూతి వెంట్రుకవాసి పైకి లేస్తోంది. రెండోసారి లేవడం లేదు. ఆ లేపడం ఆమెకు తెలుసు. అది వాళ్ళమ్మ మణికట్టు. కుండ వేడెంతో మొదటి రేకుకు ఎవరికీ తెలియదు. అది అంటుకుంటుంది, చిరుగుతుంది, పనికిరాదు. అందుకని మొదటిసారి గుడ్డను కుండకు ఆనించకుండా మణికట్టు కాస్త ఎత్తి, పైపైన లాగి, వచ్చినది పక్కన పడేస్తారు. ఆత్రేయపురంలో ఏ ఇంటికి వెళ్ళినా అంతే. ఎంత అలవాటంటే, చేసేవాళ్ళకు చేస్తున్నట్టు కూడా తెలియదు. ప్రతిసారీ పని మొదలెట్టగానే ఆమె చెయ్యి మొదటిదాన్ని వదిలేస్తూ వచ్చింది. యంత్రం నమ్మకమైన శిష్యురాలిలా అది కూడా నేర్చుకుంది.

ఆమెకు గొంతుదాకా వచ్చింది చెబుదామని. చెబితే ఆ ఒక్క ముక్క కత్తిరిస్తారు. డెమో గట్టెక్కుతుంది. యంత్రం ఇంటికొస్తుంది. మళ్ళీ బొట్టు నుదుటి మధ్యన ఉంటుంది, మళ్ళీ కుండ ముందు కూర్చోవచ్చు. చీర కుచ్చిళ్ళలో దాచుకున్న కుడిచెయ్యి, అది కూడా వింటున్నట్టు, ఇంకాస్త ఎక్కువ కొట్టుకుంది.

మల్లేశం లేచి దుమ్ము దులుపుకుంటూ నీడలోకి వచ్చాడు.

"సుబేదారు గారూ, మొదటిది పోతే పోయింది, రెండోది తగులుతోంది కదా. ఎందుకింత గోల?" అంది వకుళ.

అతను మీసంలో నవ్వాడు. "మా పనిల రెండోది ఉండదమ్మా. మొదటిది తప్పిందంటే ఇగ వాడు ఆడ ఉంటడా? ఉరుకుతడు."

"మీకెప్పుడైనా తప్పిందా?"

"ఒక్కపారి." అతని నవ్వు పెద్దదైంది. "పొద్దుగాల్ల. చలి. వాడు చెంబు పట్టుకొని పొదల దిక్కు వొచ్చిండు. నా చెయ్యి జర ఊగింది, గోలి చెట్టుకు తాకింది. వాడు చెంబిడిసి ఉరికిండు సూడమ్మా, లుంగీ ఎగేసి! మా పై ఆఫీసరు నన్ను తిట్టని తిట్టు లేదు. గని నేనేమో నవ్వాపుకోలేక సస్తున్న."

"ఇప్పుడు బాధపడుతున్నారా, తప్పినందుకు?"

మల్లేశం కొబ్బరిబోండాం అందుకుని కాసేపు దానిలోకి చూశాడు. "నాకు తగిలినోళ్ళ మొఖాలు చానా యాదికున్నయమ్మా. నవ్వొచ్చేది మాత్రం వాడొక్కని మొఖమే."

షామియానా కింద ఇంజనీర్లు గొట్టం స్వెట్టరు రంగు మీద వాదించుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల మీద కంచం పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న కామేశం హఠాత్తుగా చెయ్యి కడుక్కుని వచ్చాడు. రికార్డు చేసిన ప్రతిరోజూ మొదటి గీతను వరసగా పేర్చి ఆమెకు చూపించాడు. అన్నిటిలోనూ ఒకే గూని.

"గొట్టం కాదే! ఇది నీ చేతిలోనే ఉంది. మొదటి రేకు... ఇన్నేళ్ళు ఆ చిరిగిన రేకులు తిన్నవాణ్ణి నేనే, నాకు తట్టలేదు చూడు!"

"తెలుసండీ."

"ఏం తెలుసు?"

"నా చెయ్యేనని. రిహార్సల్ రోజునే తెలిసింది."

కామేశం కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. "తెలిసి ఊరుకున్నావా? అక్కడ నా పరువు పోతోంది, ఇక్కడ నీ చెయ్యి పోతోంది. ఇప్పుడు విక్రాంత్ గారికి ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా కత్తిరించేస్తాను. ఇంకో వారంలో యంత్రం మనింట్లో ఉంటుంది. నీ చెయ్యి నీకు కావాలా వద్దా?"

"కావాలి. మరి చెంబు పట్టుకొచ్చినవాణ్ణి ఏం చేద్దాం?"

"ఏ చెంబు? ఎవడు వాడు?"

ఆమె చెప్పింది. కామేశానికి చిరాకొచ్చింది. "వాడు శత్రువే! సరిహద్దు దగ్గర..."

"చెంబు పట్టుకున్నప్పుడు ఎవడూ ఎవడికీ శత్రువు కాదండీ. అయినా మీవాళ్ళు అమ్మేది మన సరిహద్దుకేనా? షామియానా కింద కూర్చోబోయేవాళ్ళది ఏ ఊరో, వాళ్ళు ఎవర్ని కొడతారో మీకు తెలుసా?"

"అది మన పని కాదు."

"కాళ్ళకు చెప్పులు కుట్టేటప్పుడు కాదు, నిజమే. ఇప్పుడు చెయ్యి నాది. నేనేం వద్దనడం లేదు, చెప్పండి. రేపు ఎక్కడో ఒకడు పోతాడు. గురి తప్పని గుండు, ఏ చేతి పనితనమో అంటారు. అది మీ పెళ్ళాం చెయ్యే. యంత్రం బాగుచేసి ఇచ్చాక అదే చేత్తో మీకు అన్నం కలిపి పెడతాను. తింటారా?"

కంచంలో పప్పన్నం చల్లారిపోయింది. "చెంచా కోసమనే మొదలెట్టాను," అన్నాడు కామేశం, ఎవరో కాదన్నట్టు.

"ఆ సంగతి మీ చెంచాకు తెలియదు పాపం. సొరుగులో ఉంది," అంది వకుళ.

అతను ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఇంత తెలివైన మనిషి ఇంత చిన్న వస్తువును ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడటం చూసి ఆమె కంచాలు తీయడానికి లేచింది. ఒక కంచం జారి కిందపడి చాలాసేపు గుండ్రంగా తిరిగింది.

డెమో రోజున బయటి దేశం వాళ్ళు మొదటి గుండును చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో గుండు దాకా ఆగకుండా బోండాలు తాగి వెళ్ళిపోయారు. రెండు రోజులకు విక్రాంత్ తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. కారు వెనక డిక్కీ తెరిచే ఉంది. అందులో, దుప్పటి చుట్టిన యంత్రం. తొడుగు అంచు బయటికి వేలాడుతోంది.

"వాళ్ళు ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు మేడమ్," అన్నాడు, సోఫా చివర కూర్చుని. "ఆ మొదటి షాట్ ఎందుకు తప్పుతోందో తేల్చాలి. మాట ఇచ్చిన ప్రకారం యంత్రం తెచ్చాను. కారణం దొరికిన నిమిషంలో లోపలికి దింపిస్తాను. దొరకలేదంటే బోర్డు దీన్ని ముక్కలు చేసి తుక్కు కింద తీసెయ్యమంటోంది. నా చేతుల్లో ఏం లేదు."

'నీ చేతులకేం, నిక్షేపంగా ఉన్నాయి' అనుకుంది వకుళ.

"కామేశం గారూ, రికార్డులన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఏమైనా కనిపించిందా?"

వకుళ తలుపు దగ్గర నిలబడి ఉంది. భర్త వంక చూడకూడదనుకుంది. చూసింది. కామేశం కిటికీలోంచి ఆ డిక్కీనే చూస్తున్నాడు. తన జీవితంలో సొంతంగా కనిపెట్టిన వస్తువు ఒకటే, అదే. అతని బట్టతల మీద చెమట పట్టింది. పెదవులు తెరుచుకున్నాయి. ఆమె కుడిచెయ్యి పైటకొంగును పట్టుకుని ఆగకుండా ఊపుతోంది.

"గొట్టం చల్లగా ఉండటమేనండీ," అన్నాడు కామేశం. "మొదట్నుంచీ అదే చెబుతున్నాను."

"స్వెట్టరు వేశాం కదండీ!"

"చాలలేదు."

విక్రాంత్ ఆమె వైపు తిరిగాడు. ఇప్పుడు అతని గొంతులో నెయ్యి లేదు. "మేడమ్, మీకు? ఆలోచించండి. నష్టపోయేది మీరే. జీవితాంతం ఇలాగే ఉంటుంది."

"మాకేం తెలుస్తుందండీ, వంటింట్లో పిండి రుబ్బుకునేవాళ్ళం. బయటి దేశాల వాళ్ళకే అంతుబట్టలేదంటున్నారు," అంది వకుళ. "కాఫీ తాగుతారా? నేనే తెచ్చిస్తాను."

విక్రాంత్ తన తెల్ల ప్యాంటు వంకా ఆమె చేతి వంకా చూసి, వద్దన్నాడు. కామేశాన్ని మర్నాటి నుంచి మళ్ళీ రబ్బరు చెప్పుల విభాగానికి రమ్మని చెప్పి లేచాడు. డిక్కీ మూసిన చప్పుడుకు కామేశం భుజాలు ఒకసారి ఎగిరిపడ్డాయి. అతను లోపలికి పోలేదు. వచ్చి గుమ్మంలో ఆమె పక్కన నిలబడ్డాడు.

కారు వెనక్కి తిరిగేటప్పుడు, మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, విక్రాంత్ అద్దం దించి చెయ్యి ఊపాడు. వకుళ కూడా తన కుడిచెయ్యి ఎత్తింది. ఎత్తడం వరకే ఆమె వంతు. ఊపడం అదే చూసుకుంటోంది.